శాశ్వత నివాస హోదా - నివాస నియమాలు

శాశ్వత నివాస హోదా అనగా ఒక దేశపు పౌరసత్వం లేని వ్యక్తికి ఆ దేశంలో కాలపరిమితి లేకుండా నివసించుటకు, ఉద్యోగం చేయుటకు అక్కడి ప్రభుత్వం చట్టప్రకారం ఇచ్చే హక్కు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ హోదాకు గుర్తుగా ఇచ్చే కార్డును వాడుకలో గ్రీన్ కార్డు అంటారు. కెనడా, ఆస్ట్రేలియాలలో దీనిని క్లుప్తంగా పి.ఆర్. అని పిలుస్తారు. పేరులో "శాశ్వత" అనే మాట ఉన్నప్పటికీ ఇది షరతులు లేని హక్కు కాదు. హోదా పొందిన వ్యక్తి ఆ దేశాన్నే తన నివాసంగా చేసుకొని ఉండాలన్నది చాలా దేశాల చట్టాలలో కనిపించే ప్రధానమైన షరతు. అయితే ఆ షరతును కొలిచే పద్ధతి దేశానికొక విధంగా ఉన్నది.

తెలుగు కుటుంబాలలో ఈ నియమాల ప్రభావం ముఖ్యంగా రెండు వర్గాల వారిపై పడుతుంది. మొదటి వర్గం, విదేశంలో హోదా పొందిన తరువాత ఉద్యోగం వల్లనో కుటుంబ కారణాల వల్లనో స్వదేశానికి తిరిగివచ్చిన వారు. రెండవ వర్గం, అక్కడ స్థిరపడిన పిల్లల ద్వారా హోదా పొంది, ఇల్లు, పొలం ఇక్కడే ఉన్నందున సంవత్సరంలో కొన్ని నెలలు ఇక్కడ, కొన్ని నెలలు అక్కడ గడిపే తల్లిదండ్రులు.

హోదా, కార్డు, పౌరసత్వం - భేదాలు

ఈ మూడింటిని ఒకటిగా భావించుట వల్ల అనేక అపోహలు కలుగుతున్నాయి.

హోదా అనేది చట్టం ఇచ్చిన హక్కు. కార్డు ఆ హక్కుకు రుజువు మాత్రమే. అమెరికాలో సాధారణ గ్రీన్ కార్డు 10 సంవత్సరాలు, కెనడా పి.ఆర్. కార్డు సాధారణంగా 5 సంవత్సరాలు చెల్లుతాయి. కార్డు గడువు ముగిసినంత మాత్రాన హోదా పోదు. అదే విధంగా కార్డుకు ఇంకా ఎన్నో సంవత్సరాల గడువు మిగిలి ఉన్నా, నివాస షరతును పాటించకపోతే హోదా పోయే అవకాశం ఉన్నది.

పౌరసత్వం వీటికి భిన్నమైనది. పౌరుడు ఎంతకాలం విదేశంలో ఉన్నా, కేవలం ఆ కారణంగా అమెరికా లేదా కెనడా పౌరసత్వం కోల్పోడు. అయితే 1955 నాటి భారత పౌరసత్వ చట్టం ప్రకారం, స్వచ్ఛందంగా మరొక దేశ పౌరసత్వం తీసుకున్న వ్యక్తికి భారత పౌరసత్వం రద్దవుతుంది. శాశ్వత నివాస హోదా పొందినంత మాత్రాన భారత పౌరసత్వానికి భంగం కలుగదు. శాశ్వత నివాసి భారతీయ పాస్‌పోర్టుతోనే ప్రయాణిస్తాడు.

చరిత్ర

వలస వచ్చినవారు దేశం విడిచి వెళ్ళి తిరిగిరావడంపై ఆంక్షలు కొత్తవి కావు. అమెరికా 1888 అక్టోబరులో చేసిన స్కాట్ చట్టం, చైనా కార్మికుల వద్ద ఉన్న పునఃప్రవేశ ధ్రువపత్రాలను రద్దు చేసింది. చే చాన్ పింగ్ అనే కార్మికుడు 1875 నుండి 1887 వరకు శాన్ ఫ్రాన్సిస్కోలో నివసించి, తిరిగివచ్చుటకు ధ్రువపత్రం తీసుకొని చైనా వెళ్ళాడు. అతడు తిరుగు ప్రయాణంలో ఉండగానే ఈ చట్టం అమలులోకి వచ్చింది. ఓడ దిగనివ్వకపోవడంతో అతడు న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, 1889లో అమెరికా సుప్రీం కోర్టు ప్రభుత్వ నిర్ణయాన్నే సమర్థించింది.

తెలుగువారికి సంబంధించిన పాత ఉదాహరణ దక్షిణాఫ్రికా. 1860 నుండి 1911 వరకు ఒప్పంద కూలీలుగా నటాల్‌కు వెళ్ళిన భారతీయులలో తెలుగువారు కూడా ఉన్నారు. 1927లో భారత, దక్షిణాఫ్రికా ప్రభుత్వాల మధ్య కుదిరిన కేప్‌టౌన్ ఒప్పందం, ఎడతెగకుండా మూడు సంవత్సరాలు దేశం వెలుపల ఉన్నవారు అక్కడి నివాసపు హక్కును కోల్పోతారనే సూత్రాన్ని గుర్తించింది. స్వగ్రామం చూడవచ్చిన కుటుంబాలు ఆ గడువులోగా తిరిగి ఓడ ఎక్కవలసి వచ్చేది.

అమెరికాలో 1923 నాటి థిండ్ తీర్పు భారతీయులకు పౌరసత్వపు దారి మూసివేయగా, 1946 నాటి లూస్-సెల్లర్ చట్టం ఆ దారిని తెరిచింది. 1965 వలస చట్టం జాతీయతల వారీ కోటాలను తొలగించిన తరువాత భారతదేశం నుండి వలస పెరిగింది. కెనడాలో 1976 వలస చట్టం ప్రకారం, 12 నెలల కాలంలో 183 రోజులకు మించి దేశం వెలుపల ఉన్న శాశ్వత నివాసి, తనకు హోదా వదులుకొనే ఉద్దేశం లేదని అధికారికి నచ్చజెప్పుకోవలసి ఉండేది. 2002 జూన్ 28న అమలులోకి వచ్చిన కొత్త చట్టం దాని స్థానంలో ఐదు సంవత్సరాల లెక్కను తెచ్చింది.

అమెరికా సంయుక్త రాష్ట్రాలు

అమెరికా చట్టంలో హోదాను నిలుపుకొనుటకు సంవత్సరానికి ఇన్ని రోజులు ఉండాలనే స్థిరమైన సంఖ్య లేదు. దేశం వెలుపలికి వెళ్ళడం "తాత్కాలిక పర్యటన" అవునా కాదా అన్నదే అక్కడి ప్రశ్న. ఎందుకు వెళ్ళారు, ఎప్పుడు తిరిగిరావాలని అనుకున్నారు, ఇల్లు, ఉద్యోగం, కుటుంబం ఎక్కడ ఉన్నాయి అనే విషయాలను బట్టి దీనిని నిర్ణయిస్తారు. అయినప్పటికీ కొన్ని కాల పరిమితులకు ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది.

180 రోజులు: 1996లో చేసిన సవరణ ప్రకారం, ఎడతెగకుండా 180 రోజులకు మించి వెలుపల ఉండి వచ్చిన శాశ్వత నివాసిని కొత్తగా ప్రవేశం కోరుతున్న వ్యక్తిగా పరిగణించవచ్చును. అప్పుడు ప్రవేశార్హతకు సంబంధించిన అన్ని ప్రశ్నలు మళ్ళీ ఎదురవుతాయి.

ఒక సంవత్సరం: సంవత్సరం లేదా అంతకు మించి వెలుపల ఉంటే, దేశంలోకి తిరిగి ప్రవేశించుటకు గ్రీన్ కార్డు మాత్రమే చూపిస్తే సరిపోదు. రీ-ఎంట్రీ పర్మిట్ గాని, ఎస్‌బి-1 వీసా గాని అవసరం.

రీ-ఎంట్రీ పర్మిట్: దీనికి అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేయాలి. సాధారణంగా రెండు సంవత్సరాలు చెల్లుతుంది. దీనిని పొడిగించరు, మళ్ళీ కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. ఈ పర్మిట్ ఉన్నవారి హోదాను కేవలం ఎక్కువకాలం వెలుపల ఉన్నారనే ఒక్క కారణంతో ప్రశ్నించరు. ఇతర కారణాలతో ప్రశ్నించే అధికారం మాత్రం ఉంటుంది.

ఎస్‌బి-1 వీసా: పర్మిట్ లేకుండా సంవత్సరం దాటినవారు తిరిగి వెళ్ళుటకు కోరే వీసా ఇది. వెళ్ళేటప్పుడు తిరిగిరావాలనే ఉద్దేశం ఉన్నదని, తమ చేతిలో లేని కారణాల వల్ల ఆలస్యమైనదని రుజువు చేయాలి. తీవ్రమైన అనారోగ్యం ఇటువంటి కారణాలకు ఉదాహరణ. 2020 మార్చిలో కరోనా వల్ల అంతర్జాతీయ విమానాలు నిలిచిపోయినపుడు స్వదేశంలో చిక్కుకొన్నవారికి కూడా ఈ వీసా అవసరం కలిగింది. పొలం పనులు పూర్తికాలేదనే కారణం సాధారణంగా ఈ కోవలోకి రాదు.

సంవత్సరానికి ఒకసారి వెళ్ళివస్తే హోదా నిలుస్తుందనేది బాగా ప్రచారంలో ఉన్న అపోహ. 1975లో అమెరికా వలస అప్పీళ్ళ బోర్డు ఇచ్చిన కేన్ కేసు నిర్ణయం దీనికి సమాధానం. ఆ కేసులోని మహిళ ప్రతి సంవత్సరం సుమారు 11 నెలలు జమైకాలో ఉండి అక్కడ వసతిగృహం నడుపుతూ, ఒక నెల మాత్రం అమెరికాలో గడిపేది. ఆమె అసలు నివాసం జమైకాయేనని, హోదాను వదులుకొన్నట్లేనని బోర్డు నిర్ణయించింది.

హోదా వదులుకొన్నట్లు సంతకం చేసే పత్రాన్ని ఐ-407 ఫారం అంటారు. ఇది స్వచ్ఛందంగా చేయవలసిన సంతకం. విమానాశ్రయంలోని అధికారి అడిగినంత మాత్రాన సంతకం చేయవలసిన బాధ్యత లేదు. నిరాకరించిన వ్యక్తికి వలస న్యాయమూర్తి ఎదుట విచారణ కోరే హక్కు ఉన్నది. ఆ విచారణలో, హోదాను వదులుకొన్నారని రుజువు చేసే భారం ప్రభుత్వంపైనే ఉంటుంది. చలికాలం భారతదేశంలో గడిపి తిరిగివచ్చిన వృద్ధులపై ఈ సంతకం కోసం ఒత్తిడి తెస్తున్నారని, 2025లో వలస న్యాయవాదులను ఉటంకిస్తూ పత్రికలలో వార్తలు వచ్చాయి. ఇంగ్లీషు చదవడం రాని తల్లిదండ్రులు ప్రయాణానికి ముందే ఈ ఫారం సంగతి తెలుసుకొని ఉండుట ఎంతో అవసరం.

పన్ను కూడా నివాసానికి ఒక కొలమానమే. గ్రీన్ కార్డుదారు అమెరికా పన్ను చట్టం దృష్టిలో నివాసి. కనుక భారతదేశంలో వచ్చే కౌలు, వడ్డీ, పంట ఆదాయాలను కూడా అక్కడి రిటర్నులో చూపవలసి ఉంటుంది. భారతదేశంలో వ్యవసాయ ఆదాయంపై కేంద్ర ఆదాయపు పన్ను లేకపోవడం ఈ బాధ్యతను తొలగించదు. విదేశీ బ్యాంకు ఖాతాలలోని మొత్తం సంవత్సరంలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఆ వివరాలు వేరుగా తెలపాలి. నివాసి కాదని చెప్పి రిటర్ను దాఖలు చేస్తే, అది హోదాను వదులుకొన్నారనుటకు సాక్ష్యంగా మారవచ్చును.

కెనడా

కెనడా పద్ధతి రోజుల లెక్కపై ఆధారపడినది. ప్రతి ఐదు సంవత్సరాల కాలంలో కనీసం 730 రోజులు దేశంలో ఉండాలి. ఈ రోజులు వరుసగా ఉండనవసరం లేదు. వచ్చిన రోజు, వెళ్ళిన రోజు కూడా లెక్కలోకి వస్తాయి. అధికారి పరీక్షించిన తేదీ నుండి వెనుకకు ఐదు సంవత్సరాలు లెక్కిస్తారు. హోదా వచ్చి ఇంకా ఐదు సంవత్సరాలు కానివారు, మిగిలిన కాలంలో 730 రోజులు పూర్తిచేయగలమని చూపితే చాలును.

దేశం వెలుపల గడిపిన కాలాన్ని కూడా కొన్ని సందర్భాలలో లెక్కిస్తారు.

- కెనడా పౌరుడైన భర్తతో లేదా పౌరురాలైన భార్యతో కలిసి విదేశంలో ఉన్న కాలం
- కెనడా పౌరులైన తల్లి లేదా తండ్రితో కలిసి ఉన్న చిన్న పిల్లల కాలం
- కెనడా సంస్థ లేదా ప్రభుత్వం తరపున విదేశంలో పూర్తికాల ఉద్యోగం చేసిన కాలం

ఇక్కడ ఒక విషయం గమనించవలెను. పౌరుడైన కుమారునితో కలిసి విదేశంలో ఉన్న తల్లిదండ్రులకు ఈ మినహాయింపు వర్తించదు.

రోజులు తక్కువైనంత మాత్రాన హోదా తనంతట తానే రద్దు కాదు. అధికారి నిర్ణయం తీసుకొని, అది అంతిమం అయ్యేవరకు హోదా ఉంటుంది. మానవతా కారణాలను, ముఖ్యంగా నిర్ణయం వల్ల ప్రభావితులయ్యే పిల్లల శ్రేయస్సును, పరిగణించే అధికారం ఆ అధికారికి ఉన్నది. కార్డు లేకుండా విదేశంలో ఉన్నవారు విమానం ఎక్కుటకు శాశ్వత నివాసి ప్రయాణ పత్రం కోరాలి. దానిని నివాస లోపం కారణంగా తిరస్కరిస్తే 60 రోజులలోగా వలస అప్పీళ్ళ విభాగానికి అప్పీలు చేయవచ్చును.

ఇతర దేశాలు

ఆస్ట్రేలియా: శాశ్వత వీసాతో దేశంలో ఎంతకాలమైనా ఉండవచ్చును. కాని వెళ్ళిరావడానికి మొదట ఇచ్చే అనుమతి సాధారణంగా 5 సంవత్సరాలకు పరిమితం. ఆ తరువాత రెసిడెంట్ రిటర్న్ వీసా తీసుకోవాలి. గడచిన 5 సంవత్సరాలలో 2 సంవత్సరాలు అక్కడ ఉన్నవారికి మరో 5 సంవత్సరాల ప్రయాణ అనుమతి లభిస్తుంది. లేనివారు ఆ దేశంతో గట్టి సంబంధాలు ఉన్నాయని చూపాలి.

న్యూజీలాండ్: మొదట ఇచ్చే రెసిడెంట్ వీసాకు ప్రయాణ పరిమితి ఉంటుంది. రెండు సంవత్సరాలు గడచి, ఆ రెండింటిలో ప్రతి సంవత్సరం కనీసం 184 రోజులు దేశంలో ఉన్నవారు, ఇతర అర్హతలు కూడా ఉంటే, పర్మనెంట్ రెసిడెంట్ వీసా పొందవచ్చును. దానికి ప్రయాణ గడువు ఉండదు.

బ్రిటన్: సాధారణంగా, ఎడతెగకుండా 2 సంవత్సరాలకు మించి వెలుపల ఉంటే కాలపరిమితి లేని నివాస అనుమతి రద్దవుతుంది. అటుపై తిరిగివెళ్ళుటకు రిటర్నింగ్ రెసిడెంట్ పద్ధతిలో దరఖాస్తు చేయాలి.

ఒక ఉదాహరణ: పశ్చిమ ప్రకాశం

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాలను కలిపి పశ్చిమ ప్రకాశం అంటారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినపుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుండి ఇందులో చేరాయి. పలకల పరిశ్రమకు మార్కాపురం ప్రసిద్ధి. కంభం చెరువు వంటి నీటి వనరుల కింది ఆయకట్టు మినహా ఎక్కువ భాగం వర్షాధారపు మెట్ట నేల. కంది ఇక్కడి ముఖ్యమైన పంటలలో ఒకటి. తొలకరి తరువాత విత్తిన కంది డిసెంబరు, జనవరి నెలలలో కోతకు వస్తుంది. మధ్యకాలిక రకాలకు పంటకాలం సుమారు 160 నుండి 180 రోజులు. అనగా ఒక కంది పంట కాలం, అమెరికా చట్టంలోని 180 రోజుల గడువు దాదాపు సమానం.

ఈ ప్రాంతపు రైతు దంపతులు విదేశంలోని కుమార్తె ద్వారా శాశ్వత నివాస హోదా పొందారని ఊహించుకొనవచ్చును. వారు ప్రతి సంవత్సరం జులై 1న వచ్చి, కంది నూర్పిడి, సంక్రాంతి ముగించుకొని జనవరి 15న బయలుదేరితే, దేశం వెలుపల గడిపినది 198 రోజులు. విదేశంలో గడిపేది 167 రోజులు. ఐదు సంవత్సరాలలో అది 835 రోజులు అవుతుంది.

కుమార్తె కెనడాలో ఉన్నట్లయితే, 730 రోజుల షరతు నెరవేరినట్లే. హోదాకు ప్రమాదం లేదు. కాని కెనడా పౌరసత్వానికి ఐదు సంవత్సరాలలో 1,095 రోజులు కావాలి కనుక, అది లభించదు.

కుమార్తె అమెరికాలో ఉన్నట్లయితే, ప్రతిసారీ 180 రోజులు దాటినందున ప్రతి రాకలోనూ ప్రశ్నలు ఎదురుకావచ్చును. అమెరికా పౌరసత్వానికి ఐదు సంవత్సరాలలో కనీసం 30 నెలలు, అనగా సుమారు 913 రోజులు, దేశంలో ఉండాలి. 835 రోజులు దానికి చాలవు. పైగా ఆరు నెలలకు మించి, సంవత్సరం లోపు వెలుపల ఉంటే, పౌరసత్వం కోసం చూసే నిరంతర నివాసం తెగిపోయినట్లు భావిస్తారు. కాదని రుజువు చేయవలసిన భారం దరఖాస్తుదారుపై ఉంటుంది. సంవత్సరం దాటితే తెగిపోయినట్లే. రీ-ఎంట్రీ పర్మిట్ ఉన్నా పౌరసత్వపు లెక్కలో ఈ నియమం మారదు.

అదే దంపతులు నూర్పిడిని కౌలుదారుకో బంధువులకో అప్పగించి డిసెంబరు 20న బయలుదేరితే, వెలుపల గడిపినది 172 రోజులు. విదేశంలో గడిపేది 193 రోజులు, ఐదు సంవత్సరాలకు 965 రోజులు. 180 రోజుల గడువు, 30 నెలల షరతు రెండూ నెరవేరుతాయి. అయినప్పటికీ అమెరికాలో సొంత చిరునామా, బ్యాంకు ఖాతా, పన్ను రిటర్నులు ఏమీ లేకుండా, ఇక్కడ మాత్రం ఇల్లు, పొలం, రాకపోకలు యథాతథంగా ఉంటే, అసలు నివాసం ఎక్కడ అనే ప్రశ్న మిగిలే ఉంటుంది. కెనడాలో క్యాలెండరు ఇచ్చే సమాధానాన్ని అమెరికాలో జీవన విధానం ఇవ్వవలసి ఉంటుంది.

పొలం, ఇల్లు

హోదా తీసుకుంటే ఊరిలోని పొలం పోతుందనే భయం కూడా కొందరిలో ఉన్నది. భారత విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం ప్రకారం, విదేశంలో నివసించే భారత పౌరులు గాని, ఓ.సి.ఐ. కార్డు కలిగిన విదేశీ పౌరులు గాని సాధారణంగా ఇక్కడ వ్యవసాయ భూమిని కొనరాదు. అయితే ఇక్కడ నివసించిన కాలంలో సంపాదించిన భూమిని ఉంచుకొనవచ్చును. వారసత్వంగా కూడా పొందవచ్చును. కావున హోదా వల్ల ఉన్న పొలం పోదు. కొత్తగా కొనుటకే అవరోధం కలుగుతుంది.

నివాసాన్ని రుజువు చేసే ఆధారాలు

- పాస్‌పోర్టులోని రాకపోకల ముద్రలు, విమాన టిక్కెట్లు (పాత పాస్‌పోర్టులను కూడా భద్రపరచాలి)
- తిరుగు ప్రయాణపు తేదీ గల టిక్కెట్టు
- అక్కడి ఇంటి అద్దె ఒప్పందం, లేదా పిల్లల ఇంటిలో ఉంటున్నట్లు తెలిపే పత్రాలు
- బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు లేదా రాష్ట్ర గుర్తింపు కార్డు, ఆరోగ్య బీమా పత్రాలు
- పన్ను రిటర్నుల నకళ్ళు
- ఆలస్యమైన సందర్భంలో ఆసుపత్రి పత్రాలు, మరణ ధ్రువపత్రం వంటివి

హోదాను వదులుకొనుట, ప్రత్యామ్నాయాలు

అక్కడ ఎక్కువ కాలం ఉండే ఉద్దేశం లేని తల్లిదండ్రులకు శాశ్వత నివాస హోదా ఒక్కటే మార్గం కాదు. అమెరికాకు సందర్శకుల వీసాపై వెళ్ళేవారికి ఒక్కో రాకకు సాధారణంగా ఆరు నెలల వరకు ఉండుటకు అనుమతి ఇస్తారు. కెనడా 2011లో తల్లిదండ్రులు, అవ్వాతాతల కోసం సూపర్ వీసాను ప్రవేశపెట్టింది. 2022 జులై నుండి దీనిపై ఒక్కో రాకకు ఐదు సంవత్సరాల వరకు ఉండవచ్చును. దీనికి ఆరోగ్య బీమా తప్పనిసరి. ఈ రెండింటిలోనూ ఏటా ఇన్ని రోజులు అక్కడ ఉండి తీరాలనే నియమం లేదు.

గ్రీన్ కార్డును స్వచ్ఛందంగా వదులుకొన్నవారు సందర్శకుల వీసాకు దరఖాస్తు చేసుకొనవచ్చును. తరువాత అవసరమైతే, 21 సంవత్సరాలు నిండిన అమెరికా పౌరులైన కుమారుడు లేదా కుమార్తె తల్లిదండ్రుల కొరకు మళ్ళీ దరఖాస్తు చేయుటకు చట్టం అనుమతిస్తుంది. ఈ వర్గానికి వార్షిక కోటా పరిమితి లేదు. అయితే భారతదేశంలో వలస వీసాల ఇంటర్వ్యూలు ముంబై కాన్సులేటులో జరుగుతాయి. మార్కాపురం, గిద్దలూరు వారు సందర్శకుల వీసాకు హైదరాబాదు కాన్సులేటుకు వెళ్ళినట్లుగా దీనికి అక్కడికి వెళితే సరిపోదు. మళ్ళీ దరఖాస్తు చేయుట అనగా వైద్య పరీక్షలు, ఆర్థిక హామీ పత్రం, రుసుములు అన్నీ మొదటి నుండి పూర్తిచేయుట. అందువలన వదులుకొనే నిర్ణయం విమానాశ్రయంలో కాక, కుటుంబసభ్యులందరూ ఆలోచించుకొని ఇంటి వద్దనే తీసుకొనవలసినది.